మినీ పీసీకి హోమ్ థియేటర్ కలపాలంటే

పీసీ నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్‌ని ముందు రిసీవర్ (స్పీకర్లను నడిపే హోమ్ థియేటర్ పెట్టె) ఇన్‌పుట్‌కి పెట్టి, రిసీవర్ అవుట్‌పుట్ నుంచి టీవీకి ఇంకో కేబుల్ లాగండి. చాలామంది పీసీని టీవీకి కలిపి, అక్కణ్నుంచి ఆప్టికల్ కేబుల్‌తో రిసీవర్‌కి తెస్తారు. చిక్కంతా అక్కడే. ఆప్టికల్‌లో కుదించని శబ్దం 2 ఛానెళ్లే పడుతుంది, 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) కావాలంటే డాల్బీ డిజిటల్‌గానో డీటీఎస్‌గానో కుదించి పంపాలి. గేమ్‌లు సాధారణంగా అలా పంపవు, వెనక స్పీకర్లు మూగబోతాయి. హెచ్‌డీఎంఐలో 8 ఛానెళ్ల పీసీఎం (కుదించని శబ్దం) నేరుగా వెళ్తుంది.

రిసీవర్ పాతదై 4కే చిత్రాన్ని టీవీకి పంపలేకపోతే, పీసీని నేరుగా టీవీకి కలిపి, పీసీలోని రెండో హెచ్‌డీఎంఐ పోర్టును శబ్దం కోసమే రిసీవర్‌కి ఇవ్వండి. విండోస్ దాన్ని రెండో మానిటర్ అనుకుంటుంది, మౌస్ అప్పుడప్పుడు కనిపించని ఆ తెర మీదికి జారిపోతుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో దాన్ని ఓ మూలకు జరిపితే ఆ బెడద తగ్గుతుంది.

ముందు రిసీవర్, తర్వాత పీసీ ఆన్ చెయ్యండి. సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లో రిసీవర్‌ని ఎంచుకుని, 'కాన్ఫిగర్' నొక్కి 5.1 పెట్టండి. ఇది మరిచిపోతే విండోస్ స్టీరియోలోనే ఉండిపోవచ్చు. అక్కడే 'టెస్ట్' నొక్కి ఒక్కో స్పీకరూ విని చూడండి.

3.5 మి.మీ. (హెడ్‌ఫోన్) జాక్ ఆఖరి మార్గం. గుయ్‌మని హమ్ వస్తే అది చాలావరకు గ్రౌండ్ లూప్ (రెండు పరికరాల ఎర్త్‌ల మధ్య పారే కొద్దిపాటి కరెంటు); పీసీనీ రిసీవర్‌నీ ఒకే పవర్ స్ట్రిప్‌కి మార్చండి, పోకపోతే ఆడియో కేబుల్ మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టండి. ఎర్త్ పిన్ మాత్రం పీకకండి.