కుట్లు విప్పిన రోజు

ఈ రోజు మోచేతికి ఏడు కుట్లూ విప్పారు. మూడు వారాల క్రితం, ఒడిశాలో పర్లాకిమిడి దాటాక గజపతి జిల్లా కొండల్లో సైకిలు మీద దిగుతూ పడ్డాను. రోడ్డు మీద పడ్డానని ఇంట్లో చెప్పాను. అది అబద్ధం. పడింది రిజర్వు ఫారెస్టులో. అనుమతి లేకుండా ప్రవేశించరాదన్న బోర్డు చదివి మరీ వెళ్లాను.

వాలులో గులకరాళ్ల మీద ముందు బ్రేకు గట్టిగా నొక్కాను. చక్రం బిగుసుకుపోయింది, హ్యాండిలు మీదుగా ఎగిరి పడ్డాను. ఎదురుగా వస్తున్న సవర గిరిజన పెద్దావిడ కట్టెల మోపు దించి, తన తల మీది గుడ్డ చింపి కట్టు కట్టింది. "ఇది మేం నడిచే దారి బాబూ" అంది, తెలుగులోనే. తర్వాత నా వెనక చక్రం జారుతూ గీసిన చాలు చూపించింది. లోతుగానే పడింది. వాన పడితే నీళ్లు ఆ చాలు పట్టుకుని, మట్టిని కోసుకుంటూ కింది మెట్ల పొలాల్లోకి దిగుతాయి. రాయి మీద రాయి పేర్చి, సిమెంటు లేకుండా తరాలుగా నిలబెట్టుకున్న గట్లు అవి.

దారి ఉంది కదా, తొక్కితే ఎవరికి నష్టం అనే మిత్రులతో నేను ఇక ఏకీభవించలేను. అడవి మీద సవరల హక్కులను 2006 అటవీ హక్కుల చట్టం గుర్తించింది. నా సరదాను ఏ చట్టమూ గుర్తించలేదు.

ఆ దారి మ్యాపును సైక్లింగ్ యాప్ నుంచి తీసేశాను. రేపు అటవీ శాఖ రేంజి ఆఫీసుకు వెళ్లి జరిగింది చెప్పి, చాలు పూడ్చడానికి అనుమతి అడుగుతాను. పార పట్టుకుని తానూ వస్తానన్నాడు తమ్ముడు.