లేపాక్షి పక్క డొంకల్లో కెమెరాతో

బెంగళూరులో ఉండే మనలో చాలామందికి హైదరాబాద్ హైవే అంటే ఊరికి పోయే దారి, అంతే. బాగేపల్లి దాటాక బండరాళ్ల గుట్టలు, ఎర్రనేల, చింతచెట్లు బస్సు కిటికీలోంచి వెళ్లిపోతూ ఉంటాయి, ఎవరూ దిగి చూడరు. ఈసారి నేను వాటికోసమే వెళ్లాను. చీకటితోనే హెబ్బాళ దాటితే, కొడికొండ చెక్‌పోస్ట్ దగ్గరికి వచ్చేసరికి తూర్పున తెల్లబడుతోంది. అక్కడ ఎడమకు తిరిగి చిలమత్తూరు మీదుగా లేపాక్షి రోడ్డు పట్టాను.

ఆ రోడ్డున పోయేవాళ్లంతా గుడినీ నందినీ చూడటానికే పోతారు. నాకు కావాల్సింది తారురోడ్డు మీంచి చేలల్లోకి దిగే డొంకలు, బండిబాటలు, గొర్రెలు తొక్కి తొక్కి చేసిన కాలిదోవలు. వానలప్పుడు ఇవి గడ్డిలో కలిసిపోతాయి. వేరుశనగ పీకేసి, ఎండ ముదిరాకే ఒక్కొక్కటీ బయటపడి, ఎవరు ఏ బావికి, ఏ గుట్టకు నడుస్తారో నేలమీదే కనిపిస్తుంది. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి, ఈశాన్య రుతుపవనాల వాన ఇంత లోపలికి వచ్చేసరికి తగ్గిపోతుంది, అందుకే ఈ అనంతపురం సీమలో ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగుతుంది.

లేపాక్షి రోడ్డు పడమటికి పోతుంది కాబట్టి పొద్దున ఎండ మన వీపుమీద ఉంటుంది, అప్పుడు ఫోటోలో రోడ్డు చప్పగా పడుతుంది. ఉత్తరం దక్షిణంగా సాగే డొంకలోకి దిగితే ఎండ పక్కనుంచి వచ్చి, చక్రాల గాడి నిండా నీడ నిలబడి, దారికి లోతు వస్తుంది. వైడ్ లెన్స్‌తో తీస్తే ముందున్న మట్టి ఫ్రేమంతా ఆక్రమించి, దూరంలో దారి సన్నని గీతైపోతోంది. దూరంగా నిలబడి, దూరాన్ని దగ్గరికి లాగే 200 ఎంఎం లెన్స్‌తో తీస్తేనే మెలికలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు దగ్గరికొస్తాయి. నాకు అదే నచ్చింది.

గొర్రెలు తోలుకొస్తున్న ఒక పెద్దాయన ఆగి, "ఈడ ఏముందప్పా తీసేకి?" అన్నాడు. డొంక బాగుంది తాతా అన్నాను. "డొంకయితే కింద నిలబడి తీస్తే ఏం కనపడుతుంది? ఆ బండెక్కు" అని గుట్ట చూపించాడు. ఎక్కాను. కింద నడిచినంతసేపూ విడివిడిగా అనిపించిన దారులన్నీ పైనుంచి చూస్తే ఒక్క చింతచెట్టు దగ్గర కలుస్తున్నాయి! ఆ రోజు తీసినవాటిలో నేను ప్రింటు వేయించుకోబోయేది ఆ ఫోటోనే.

తొమ్మిది దాటితే నీడలు పోతాయి, కెమెరా లోపల పెట్టేయొచ్చు. ఎవరైనా వెళ్తే నీళ్లు బాగా పెట్టుకోండి, చేలోకి దిగే ముందు అక్కడున్న రైతునో కాపరినో ఒక మాట అడగండి, మంచి దారి ఎక్కడుందో కూడా వాళ్లే చెప్తారు.