హావ్‌లాక్‌లో ఆ చివరి పది మీటర్లు

మొన్న ఫిబ్రవరిలో స్కూబా డైవింగ్ కోసం అండమాన్‌లోని హావ్‌లాక్ దీవికి వెళ్లాం, 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు గానీ డైవింగ్ వాళ్లందరూ ఇంకా హావ్‌లాక్ అనే అంటున్నారు. మూడో రోజు పొద్దున్నే డుంగీ ఎక్కి డిక్సన్స్ పినాకిల్ అనే డైవింగ్ చోటుకి బయల్దేరాం, డుంగీ అంటే అక్కడి చెక్క పడవ. బోట్‌లో హెల్పర్ కుర్రాడు తెలుగువాడే, తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడ్డారంట, "అక్కా" అని పిలుస్తుంటే ఎంత హాయిగా అనిపించిందో.

కింద 25 మీటర్ల దగ్గర చేపల గుంపులు, రాళ్లు, అవన్నీ ఇంకోసారి చెప్తా, ఇప్పుడు చెప్పాల్సింది పైకి రావడం గురించి. గైడ్ బొటనవేలు పైకి చూపించాడు, నీళ్లలో దానర్థం బాగుందని కాదు, పైకి పోదాం అని. పడవ కట్టిన మూరింగ్ తాడు పక్కనే మెల్లగా లేచాం, నిమిషానికి 9 మీటర్లు దాటకూడదు. తేలడానికి గాలి నింపుకునే జాకెట్ వేసుకుంటాం, మొదట్లో అందులోంచి గాలి వదులుకుంటూనే వచ్చాను, ఎనిమిది మీటర్ల దగ్గర పైన వెలుతురు చూస్తూ మర్చిపోయా. అంతే, జాకెట్ ఉబ్బి నన్ను పైకి లాగేస్తోంది, లోతు, వేగం చూపించే చేతి కంప్యూటర్ బీప్ బీప్‌మంటోంది, ఆ కంగారులో ఊపిరి బిగబట్టేశా. చేయకూడని పని అదొక్కటే! గైడ్ నా కాలికున్న ఫిన్ పట్టుకుని కిందకి లాగి, జాకెట్ వెనక వాల్వ్ తాడు లాగాడు, నా కళ్లలోకి చూస్తూ ఊపిరి వదలమని సైగ చేశాడు.

30 మీటర్ల నుంచి 20కి వస్తే నీటి ఒత్తిడి తగ్గి, జాకెట్‌లో, ఊపిరితిత్తుల్లో ఉన్న గాలి పరిమాణం మూడో వంతే పెరుగుతుంది, అదే 10 నుంచి పైకి వచ్చేసరికి రెట్టింపు అవుతుంది, ఊపిరి బిగబడితే ఊపిరితిత్తులు చిరిగిపోవచ్చు. లోతు తగ్గింది కదా ఇంక భయం లేదు అనుకుంటాం చూడండి, అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాం, ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి, లేకపోతే సోడా మూత తీసినట్టు లోపలే బుడగలొస్తాయి. కరెంట్, అంటే నీటి ప్రవాహం, గట్టిగా ఉంది, తాడు పాచి పట్టి జారుతోంది, దాని మీద చిన్న చిన్న గుల్లలు అరచేతికి గుచ్చుకుంటున్నాయి, అయినా వదల్లేదు. తల ఎత్తితే డుంగీ అడుగు, ప్రొపెల్లర్ నల్లగా కనిపిస్తున్నాయి. అక్కడి నుంచి చెయ్యి పైకెత్తి, చుట్టూ తిరిగి చూస్తూ, మోటర్ చప్పుడు ఏమైనా వస్తోందా అని వింటూ తేలాం. "అక్కా, ముందు ఫిన్స్ ఇచ్చెయ్, తాడు మాత్రం వదలకు, నోట్లో గాలి గొట్టం తియ్యకు" అని కుర్రాడు అరిచాడు. నిచ్చెన మీద ముందు ఎక్కేవాళ్ల కింద నిలబడొద్దని కూడా చెప్పాడు, సిలిండర్‌తో సహా జారి మీద పడతారు మరి.

రెండో డైవ్‌లో కరెంట్ మమ్మల్ని తాడుకి దూరంగా లాక్కుపోయింది, గైడ్ కింది నుంచే ఆరెంజ్ రంగు గొట్టం ఊది పైకి వదిలాడు, బోట్ వాళ్లు దాన్ని చూసుకుంటూ దూరంగా వెంట వచ్చారు. ఈసారి స్టాప్‌లో నా చెయ్యి వాల్వ్ బటన్ మీదే ఉంది, నా బుడగలు పైకి పోతూ పెద్దవవడం చూస్తూ మూడు నిమిషాలూ లెక్కపెట్టా.