ఛాంగ్షాలో శిన్ జుయ్ సమాధి చూసొచ్చాను

చైనాలోని ఛాంగ్షా వెళ్ళింది ముఖ్యంగా హునాన్ మ్యూజియం కోసం. అందులోనూ మావాంగ్‌దుయ్ సమాధుల విభాగం కోసం. 1972-74 మధ్య ఊరి తూర్పు వైపున్న దిబ్బల్ని తవ్వితే మూడు సమాధులు బయటపడ్డాయి. ఒకటి హాన్ వంశ కాలంలో ఛాంగ్షా రాజ్యానికి మంత్రిగా ఉండి క్రీ.పూ. 186లో చనిపోయిన లీ ఛాంగ్‌ది. మిగతావి ఆయన భార్య శిన్ జుయ్‌ది, వాళ్ళ కొడుకుది. లీ ఛాంగ్ సమాధిని దొంగలు ఎప్పుడో దోచేశారు. ఆవిడ సమాధి జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

అందరూ ఆవిడ దేహం చూడాలని త్వరపడుతున్నారు. నేను వస్తువుల దగ్గరే చాలాసేపు ఉండిపోయాను. శవపేటికల చుట్టూ చెక్కతో నాలుగు అరలు కట్టారు. ఉత్తరం వైపు అరను ఆవిడ కూర్చునే గదిలా అమర్చారు. పట్టు తెరలు, చాప, వడ్డించిన పళ్ళేలు, ఆడి పాడే చెక్కబొమ్మలు, ఒక చేతికర్ర. పేటిక మీద కప్పిన పట్టు చిత్రంలోనూ ఆవిడ కర్ర ఊతంగా నిలబడే కనిపిస్తుంది. తర్వాత డాక్టర్లు ఎక్స్‌రే తీస్తే వెన్నెముక దెబ్బతిని ఉందని తేలింది. ఆవిడకు నడవడం కష్టమని తెలిసినవాళ్ళే అన్నీ సర్దారన్నమాట! అక్కడ నా కళ్ళు చెమర్చాయి.

దేహానికి 20 పొరల బట్టలు చుట్టి, ఒకదానిలో ఒకటిగా నాలుగు పేటికల్లో ఉంచారు. బయట సుమారు 5 టన్నుల బొగ్గు, దాని చుట్టూ మీటరు మందాన తెల్లమట్టి దట్టించారు. ఇక గాలి, నీరు లోపలికి పోలేదు. రెండు వేల ఏళ్ళ తర్వాత తీసినా చర్మం మెత్తగానే ఉంది, కీళ్ళు వంగాయి. పొట్టలో, పేగుల్లో 138 ఖర్బూజా గింజలు దొరికాయి. గుండెజబ్బు, పిత్తాశయంలో రాళ్ళు ఉన్నట్టూ తెలిసింది. బహుశా పండు తిన్న కొద్ది గంటలకే గుండెపోటు వచ్చి ఉంటుంది.

ఇప్పుడు ఆవిడను అద్దంలోంచి కిందికి చూడాలి. వైద్యానికి, చరిత్రకు ఆ దేహం ఎంతో నేర్పింది, కాదనను. కానీ అంత జాగ్రత్తగా దాచిపెట్టిన మనిషిని అలా చూడటం నాకు ఇబ్బందిగానే అనిపించింది. ఎక్కువసేపు నిలబడలేదు.

కొడుకు సమాధిలో దొరికిన పట్టు గ్రంథాలను మాత్రం వదలకండి. తోకచుక్కల బొమ్మలు, వ్యాయామ భంగిమలు, ప్రాచీన చైనా తత్వవేత్త లావోజీ బోధల రెండు ప్రతులు అన్నీ అందులోవే. వాటికే ఒక పూట కావాలి.