వాలీబాల్ ప్లేయర్ జిమ్మీ జార్జ్ కూడా మన లెక్కనే అబుదాబికి పని కోసం వచ్చినోడే

నేను అబుదాబి పక్కన ముసఫ్ఫాల ఏసీ మెకానిక్‌ని, వచ్చి తొమ్మిదేండ్లాయె. ఊర్లె ఉన్నప్పుడు వాలీబాల్ ఆడేటోన్ని, జిల్లా టీమ్ దాక పోయిన, స్టేట్ సెలక్షన్‌కి రెండుసార్లు పోయి రెండుసార్లు వాపస్ వచ్చిన, ఇంట్ల అప్పు ఉండె కాబట్టి ఏజెంట్‌కి పైసలు కట్టి ఇటు వచ్చేసిన. ఇంక బాల్ ముట్టుడు అయిపోయిందనే అనుకున్న. కానీ మా క్యాంపు వెనక ఖాళీ జాగల రెండు ఇనుప పైపులు పాతి నెట్ కట్టి ఉండె, మొదటి సెలవు రోజు పొద్దుగూకినంక పోయి చూస్తే మలయాళీలు, పాకిస్తానోళ్లు, నేపాలోళ్లు అందరు కలిసి ఆడుతున్నరు. బాల్ అవుట్ పోయి నా కాళ్లకాడికి వచ్చింది. తీసి అక్కడికెల్లే సర్వీస్ కొట్టిన, ఆ రోజు నుంచి నేను కూడ ఆ టీమే.

మా ఫోర్‌మెన్‌ది కన్నూర్ జిల్లా, వయసుల పెద్దాయన, అందరం చేట్టా అంటం, అంటే మలయాళంల అన్నా అని. నేను స్మాష్ కొట్టంగ చూసి దగ్గరికి వచ్చి, "జిమ్మీ జార్జ్ ఎవరో ఎరుకనా తమ్మీ" అని హిందీల అడిగిండు. పేరు విన్న అంతే, ఇంకేం తెల్వదంటే ఆయన మొహం చిన్నబోయింది. ఫోన్ తీసి ఒక బ్లాక్ అండ్ వైట్ ఫోటో చూపెట్టిండు. తల, భుజాలు నెట్ మీదికి వచ్చేటట్టు లేచి చెయ్యి వెనకకి గుంజి ఉన్నడు మనిషి, కింద బాల్‌ని ఆపనీకి బ్లాక్‌కి లేసినోళ్లు అప్పటికే దిగిపోతున్నరు. మగోళ్ల నెట్ 2.43 మీటర్లు, దాని మీదికి అట్ల లేచి గాల్లె ఆగుడంటే ఏందో ఆడినోళ్లకే తెలుస్తది, నేను ఆ ఫోటో జూమ్ చేసుకుంట చాలాసేపు చూసిన.

జిమ్మీ ఇండియాకి ఆడిన వాలీబాల్ ప్లేయర్, కేరళల పేరావూర్ అనే ఊర్లె 1955ల పుట్టిండంట, ఎనమండుగురు అన్నదమ్ములు, అందరు వాలీబాలే, ఇంట్లోళ్లే ఒక టీమ్ అయ్యేటోళ్లు. డాక్టర్ చదువు మధ్యల ఇడిచిపెట్టి 1976ల కేరళ పోలీస్‌ల చేరిండు, అదే ఏడు 21 ఏండ్లకే అర్జున అవార్డు. సర్కారు నౌకరి, దేశమంత పేరు, ఇంకేం కావాలె అనిపిస్తది కదా. అయినా 1979ల అబుదాబి స్పోర్ట్స్ క్లబ్‌కి ఆడనీకి వచ్చిండు, మూడేండ్లు ఉన్నడు. ఇది విన్న కాడికెల్లి నాకు ఈ ఊరు మీద సూపే మారింది, మనం ఇయ్యాల ఏసీ డబ్బాలు మోసుకుంట తిరిగే ఈ అబుదాబిలనే ఆయన కూడ ఆడి నెల జీతం తీసుకున్నడు.

ప్లేయర్ విదేశం పోతే హాయిగ ఉంటడనుకుంటరు మనోళ్లు. మనకి కంపెనీ వీసా ఎట్లనో వాళ్లకి ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ అట్లనే, సొంత దేశం ఫెడరేషన్ ఒప్పుకుంటేనే బయట క్లబ్‌కి ఆడాలె, లేకుంటే లేదు. కాంట్రాక్ట్ ఎక్కువ ఒక సీజన్‌కే, సీజన్ అయిపోతే మల్ల ఎవరు పిలుస్తరో అని చూసుడే. పైగా ఆయన కాలంల ఇప్పటి లెక్క ప్రతి ర్యాలీకి పాయింట్ లేకుండె, మన సర్వీస్ ఉంటేనే పాయింట్, అట్ల 15 దాక పోవాలె, సర్వీస్ ఇటు అటు మారుకుంట మ్యాచ్ గంటలు గంటలు సాగేది. మోకాళ్లు, భుజం ఏమైతయో ఆలోచించుండ్రి.

నాకైతే ఒక్క మడమకే తెలిసొచ్చింది. నాలుగేండ్ల కింద బ్లాక్‌కి లేచి పక్కోని కాలు మీద దిగిన, మడమ మెలిపడి గుమ్మడికాయంత వాపు. పద్దెనిమిది రోజులు నిచ్చెన ఎక్కలే. అప్పటి కంపెనీ, పనిల తగిలిన దెబ్బ కాదు అని ఆ రోజుల జీతం మొత్తం కోసింది. ఇంటికి పైసలు పంపలే, అమ్మకి అబద్ధం చెప్పిన, బ్యాంకు సర్వర్ పని చేస్తలేదని. రూంల కాలు బకెట్ల ఐస్ నీళ్లల్ల పెట్టుకుని కూసున్నప్పుడు జిమ్మీనే యాదికొచ్చిండు, ఒళ్లే పెట్టుబడి అయినోనికి ఇట్ల దెబ్బ తగిలిన ప్రతి రాత్రి ఎంత భయం ఉండొచ్చో అని.

1982ల ఇటలీ పోయిండు. అక్కడ ప్రపంచంల పెద్ద పెద్దోళ్లు ఆడే లీగ్, మన దేశం నుంచి ఎవరు పోయింది లేదు అంతకుముందు. భాష రాదు, తిండి వేరే, చలి. అయినా నిలబడ్డడు. అంత సంపాయించుకుంట కూడ 1986 సియోల్ ఏషియన్ గేమ్స్‌కి ఇండియా టీమ్‌ల వచ్చి ఆడిండు, జపాన్‌ని కొట్టి కాంస్యం తెచ్చిండ్రు. ఆ టీమ్‌లనే మన పి.వి. రమణ గారు ఉన్నరు, సింధు వాళ్ల నాన్న. ఈ ముచ్చట క్యాంపుల చెప్తే మనోళ్లు నమ్మలే, మెడల్ తెచ్చిన టీమ్‌ల మన తెలుగాయన ఉన్నడంటే ఎంత సంబురమో, సింధు పేరు తెల్వనోడు లేడు, వాళ్ల నాన్న మెడల్ మాత్రం ఎవరికీ ఎరుక లేదు, ఇది నాకు బాధ అనిపిస్తది.

మరుసటి ఏడు నవంబర్ 30న ఇటలీలనే కారు యాక్సిడెంట్‌ల జిమ్మీ పానం పోయింది. 32 ఏండ్లు. చేట్టా ఇది చెప్పేటప్పుడు గొంతు తడబడింది, అప్పటికి తను ఇంకా స్కూల్ పిలగాడంట. ఆయన ఆడిన మోంటికియారి అనే ఇటలీ ఊర్లె ఇండోర్ స్టేడియంకి పాలాజార్జ్ అని ఆయన పేరే పెట్టుకున్నరు. పరాయి దేశం పోయి పనిచేసినోని పేరు ఆ ఊరోళ్లు గోడ మీద రాసుకున్నరంటే, ఆ మనిషి ఎట్ల బతికిండో అక్కడ!

అబుదాబిల కేరళ సోషల్ సెంటరోళ్లు జిమ్మీ పేరు మీద టోర్నమెంట్ పెడ్తరు. ఒకసారి రంజాన్ నెలల డ్యూటీ దిగి, స్నానం కూడ చెయ్యకుండ బస్సెక్కి పోయినం నేను చేట్టా. నడిరాత్రి దాటినంక కూడ కుర్చీలు ఖాళీ లేవు, కంపెనీ డ్రెస్‌ల మీదనే వచ్చినోళ్లు ఎంతమందో. మా పక్కన కూసున్న ముసలాయన ప్రతి స్మాష్‌కి లేచి నిలబడుడే.

చేట్టా పోయిన ఏడు వీసా క్యాన్సిల్ చేసుకుని పూర్తిగ ఇంటికి పోయిండు. నేను వచ్చే లీవుకి హైదరాబాద్ కాకుండ కన్నూర్‌కి టికెట్ తీసుకున్న, ఎయిర్‌పోర్ట్‌కి వచ్చి పేరావూర్ తీసుకపోతా అన్నడు. రెండ్రోజులు లేట్ అయితదమ్మా అని ఇంటికి ఫోన్ చేసి చెప్పిన, ఈసారి అబద్ధం చెప్పలే.