మబ్బుల్లో వ్యాక్యూమ్ పంపు పోయాక: బ్యాకప్ హొరైజన్ పెట్టించుకున్న నా అనుభవం

మా చిన్న విమానంలో 5,000 అడుగుల ఎత్తులో, పూర్తిగా మబ్బులో ఉన్నాం. విమానం ఎటు ఒరిగిందో చూపించే ఆర్టిఫిషియల్ హొరైజన్ కొంచెం కుడికి వాలినట్టు చూపించింది, నేను కొంచెం ఎడమకి తిప్పాను. సరిపోయిందనుకునేలోపే మళ్లీ కుడి, మళ్లీ ఎడమకి తిప్పాను. మూడోసారి కూడా అదే జరిగేసరికి అనుమానమొచ్చి పక్క డయల్స్ చూశాను. విమానం ఎటు తిరుగుతోందో చూపించే టర్న్ కోఆర్డినేటర్‌లోని చిన్న విమానం బొమ్మ బాగా ఎడమకి ఒరిగిపోయి ఉంది, కంపాస్ తిరిగిపోతోంది, స్పీడు పెరుగుతోంది. అప్పుడు గుర్తొచ్చి ప్యానెల్లో ఓ మూలనున్న, పంపు గాలిని ఎంత బలంగా లాగుతోందో చూపించే సక్షన్ గేజ్ వైపు చూస్తే, 5 దగ్గర నిలబడాల్సిన ముల్లు సున్నా మీద పడుకుని ఉంది.

వ్యాక్యూమ్ సిస్టమ్ పోవడంలో అసలు ప్రమాదం ఇదే. ఇంజిన్‌తో తిరిగే పంపు గాలిని లాగుతుంటే, ఆ గాలి తాకిడికి హొరైజన్ లోపలి గైరో (వేగంగా తిరిగే చక్రం) తిరుగుతుంది. పంపు చచ్చిపోయినా గైరో వెంటనే ఆగదు, కొన్ని నిమిషాల పాటు మెల్లగా వేగం తగ్గుతూ, మెల్లగా పక్కకి వాలుతూ పోతుంది. మా దాంట్లో ఎర్ర జెండా లేదు, అలారం లేదు. అద్దం వెనక అంతా మామూలుగానే కనిపిస్తుంది, అది చూపించేది మాత్రం అబద్ధం. మన చేతులేమో ఆ అబద్ధాన్నే నమ్మి విమానాన్ని తిప్పేస్తుంటాయి.

1954లో ఇలినాయ్ యూనివర్సిటీ వాళ్లు, ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్ (డయల్స్ మాత్రమే చూసి నడపడం) రాని 20 మందిని బయట ఏమీ కనపడకుండా చేసి నడపమంటే, సగటున 178 సెకన్లలో అదుపు తప్పారు. నాకు దానికి రేటింగ్ (అనుమతి) ఉంది, ట్రైనింగ్ ఉంది. అయినా ఆ కాసేపట్లో 300 అడుగుల ఎత్తు పోగొట్టుకున్నాను. రెక్కలు సమంగా ఉన్నాయని శరీరం చెబుతోంది, టర్న్ కోఆర్డినేటర్ కాదంటోంది. ఒరగడం తెలిపే చెవిలోని ద్రవం చెప్పేమాట వినకూడదని ఎన్నిసార్లు చదివినా, ఆ క్షణంలో వినకుండా ఉండటం చాలా కష్టం.

పక్క సీట్లో ఉన్న స్నేహితుడితో "ఆ రెండూ మూసెయ్ రా" అన్నాను. చెక్‌లిస్ట్ కాగితం రెండు ముక్కలు చింపి హొరైజన్ మీద ఒకటి, అదే పంపు మీద నడుస్తూ దిశ చూపించే హెడింగ్ ఇండికేటర్ మీద ఒకటి అంటించేశాడు. కంట్రోలర్‌కి గైరోలు పోయాయని చెబితే నో-గైరో వెక్టర్లు ఇచ్చారు. అంటే హెడింగ్ అంకెలేం ఉండవు, "తిరగడం మొదలుపెట్టు" అంటారు, మనం స్టాండర్డ్ రేటులో (సెకనుకి 3 డిగ్రీలు) తిరుగుతాం, "ఆపు" అంటే ఆపుతాం. ఆ గొంతు అంత నిదానంగా లేకపోతే నా టెన్షన్ ఏ స్థాయిలో ఉండేదో. మబ్బు కిందకి వచ్చాక నేల కనిపించినప్పుడు కలిగిన హాయి ఇంతా అంతా కాదు.

మర్నాడు మెకానిక్ పంపు విప్పి నా చేతిలో పెట్టారు. లోపలి కార్బన్ రోటర్ ముక్కలైంది, దాని చిన్న రెక్కలు పిండి అయిపోయాయి, నా వేళ్లకి అంటిన నల్లటి పొడి సబ్బుతో కడిగినా ఓ పట్టాన పోలేదు. ప్లాస్టిక్ కప్లింగ్ రెండు ముక్కలు. దాన్ని కావాలనే బలహీనంగా చేస్తారు, పంపు బిగుసుకుపోతే ఇంజిన్ గేర్లు పాడవకుండా ముందు అది తెగిపోవాలి. "ఇది అరిగిపోతున్నానని చెప్పదండీ, ఒక్కసారిగా పోతుంది" అన్నారాయన. కార్బన్ పొడి గొట్టాల్లో మిగలకుండా మొత్తం శుభ్రం చేయించి కొత్త పంపు వేయించాను. 500 గంటలకోసారి పంపు మార్చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, ఇకనుంచి నేనూ అంతే. కానీ కొత్త పంపు కూడా అలాగే పోవచ్చు కదా, కాబట్టి బ్యాకప్ కావాల్సిందే.

ఇక్కడి నుంచి రెండు నెలలు చదవడమే పని. ఇంజిన్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజిన్ లోపలికి గాలి వెళ్లే గొట్టం) నుంచి సక్షన్ తీసుకునే స్టాండ్‌బై వ్యాక్యూమ్ ఒకటుంది, చవక, తేలిక, కానీ అది పనిచేయాలంటే బయటి గాలికీ మానిఫోల్డ్‌కీ ఒత్తిడి తేడా ఉండాలి. పైకెక్కుతూ ఫుల్ థ్రాటిల్‌లో ఉన్నప్పుడు ఆ తేడా చాలా తక్కువ. పైగా నాకు అబద్ధం చెప్పిన గైరోనే మళ్లీ తిప్పుతుంది. నాకు కావాల్సింది రెండో అభిప్రాయం. వేరే కరెంటు, వేరే సెన్సర్లు, వేరే ముఖం.

కరెంటుతో తిరిగే మెకానికల్ గైరో రెండోది. అది మంచిదే, కానీ బరువు, ఆల్టర్నేటర్ పోతే దానికీ సొంత బ్యాటరీ ఉండాలి. మూడోది ఎలక్ట్రానిక్. గార్మిన్ కంపెనీ జీ5 లాంటివి 2016 నుంచి సర్టిఫైడ్ విమానాల్లో పెట్టుకోవచ్చు, దాని బ్యాటరీ 4 గంటల వరకూ వస్తుంది. 2020లో వచ్చిన అదే కంపెనీ జీఐ 275కి గంట వరకూ. వీటిలో తిరిగే చక్రం ఏమీ ఉండదు, చిన్న చిప్ సెన్సర్లే. ఒక్క విషయం మాత్రం అందరూ అడిగి తెలుసుకోవాలి: కొన్ని యూనిట్లు హొరైజన్ లెక్కకి పిటోట్ (గాలి వేగం కొలిచే గొట్టం) నుంచి వచ్చే స్పీడుని వాడుకుంటాయి. ఆ గొట్టం మంచుతో మూసుకుపోతే ఏం జరుగుతుందో మాన్యువల్లో వెతికి చదవండి. నేను రెండు రాత్రులు దాని మీదే కూర్చున్నాను.

ఎక్కడ పెట్టాలన్నది ఇంకో తలనొప్పి. అమెరికాలో విమానయాన సంస్థ ఎఫ్ఏఏ 2003లో ఇచ్చిన ఏసీ 91-75 అనే సలహా పత్రం ప్రకారం చిన్న విమానాల్లో టర్న్ కోఆర్డినేటర్ తీసేసి ఆ చోట రెండో హొరైజన్ పెట్టుకోవచ్చు, స్లిప్ (విమానం పక్కకి జారడం) చూపించే బంతి ఉండాలి, కరెంటు మూలం వేరుగా ఉండాలి. నేనూ అదే చేద్దామనుకున్నాను. మెకానిక్ ఆపారు. "మీ ఆటోపైలట్‌కి సిగ్నల్ టర్న్ కోఆర్డినేటర్ నుంచే వస్తుందండీ, అది తీసేస్తే ఆటోపైలట్ కూడా పోయినట్టే." ఆ మాటతో నా గుండె ఝల్లుమంది. అంటే ఆ రోజు మబ్బులో హెడింగ్ మోడ్ (పాడైన హెడింగ్ ఇండికేటర్ మీద ఆధారపడేది) కాకుండా రెక్కలు సమంగా ఉంచే మోడ్ నొక్కి ఉంటే ఆటోపైలట్ చక్కగా పట్టుకునేది, నాకు తెలియక చేత్తో కుస్తీ పట్టాను. మీ ఆటోపైలట్ దేన్ని చూసి నడుస్తుందో దయచేసి ఇవాళే తెలుసుకోండి.

చివరికి మేం వాడని ఏడీఎఫ్ (రేడియో స్టేషన్ ఎటుందో చూపించే పరికరం) ఇండికేటర్ తీసేసి, ఆ రంధ్రంలో పెట్టాలనుకున్నాం. డబ్బు పెట్టేముందు ఓ అట్టముక్కని మూడుం బావు అంగుళాల కన్నా కాస్త తక్కువలో గుండ్రంగా కత్తిరించి, దాని మీద హొరైజన్ గీత గీసి అక్కడ అంటించి నాలుగు ఫ్లైట్లు చేశాను. తల తిప్పకుండా కళ్లతోనే చూడగలుగుతున్నానా అన్నది పరీక్ష. మబ్బులో తల తిప్పితే కళ్లు తిరుగుతాయి, అందుకని ఇది నాకు చాలా ముఖ్యం. చూడగలిగాను.

బిగించడం కన్నా ఆ తర్వాతి పని ఎక్కువ. విమానాన్ని సమంగా నిలబెట్టి, ప్యానెల్ వంపుకి తగ్గట్టు యూనిట్‌ని సర్దాలి. పిటోట్, స్టాటిక్ (బయటి గాలి ఒత్తిడి తెచ్చే) గొట్టాలు విప్పారు కాబట్టి లీక్ టెస్టు. బరువు లెక్క, ఎక్విప్‌మెంట్ లిస్టు మళ్లీ రాయాలి. అన్నీ అయ్యాక మాస్టర్ స్విచ్ ఆపేసి, చీకటి ప్యానెల్లో అదొక్కటే నీలం, గోధుమ రంగుల్లో వెలుగుతుంటే చూస్తూ కూర్చున్నాను.

తర్వాతి వారం బయట కనపడకుండా నల్ల హుడ్ పెట్టుకుని ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగిరాను. ఆయన ఏమీ చెప్పకుండా పాత హొరైజన్ మీద కాగితం అంటించారు. నేను కొత్తదాన్ని, టర్న్ కోఆర్డినేటర్‌ని కలిపి చూస్తూ నడిపాను, రెండూ ఒకే మాట చెప్పాయి. అరగంటలో 50 అడుగుల తేడా కూడా రాలేదు. హెడింగ్ ఇండికేటర్ ఇంకా వ్యాక్యూమ్ మీదే ఉంది, దాని సంగతి వచ్చే వార్షిక తనిఖీ (యాన్యువల్)‌లో చూడాలి. అప్పటిదాకా కత్తిరించిన కాగితం ముక్కలు రెండు చొక్కా జేబులోనే ఉంటాయి.