తేమ మిషన్, నా ముక్కు

సోమవారం. రాత్రి తొమ్మిది దాటింది.

కొనుగోలు కేంద్రంలో వడ్లు పోసి ఇవాళ్టికి ఐదు రోజులు. మిర్యాలగూడ చుట్టూ ఇన్ని మిల్లులున్నా మా కుప్ప మాత్రం కదలడం లేదు. పొద్దున ఆరింటికి కుప్ప మీద కప్పిన పట్టాలు తీసేటప్పుడు చలి, ఫోన్‌లో 15 డిగ్రీలు. వడ్ల తేమ మిషన్‌లో 18.4 శాతం చూపించింది. 17కు దిగితే గానీ కాంటా పెట్టరు. మళ్లీ ఎండబోశాం.

పదింటికి తూర్పార ఫ్యాన్ పెట్టారు. తాలు, నూగు, దుమ్ము అన్నీ మా మీదికే. నాయిన రుమాలు మూతికి చుట్టుకున్నాడు. నాకు నిన్నటి నుంచే జలుబు, ముక్కు రెండు వైపులా బిగుసుకుపోయింది. నోటితోనే పీల్చాను. గంట తిరక్కముందే గొంతు ఎండి ఒకటే దగ్గు.

"ముక్కుతోని పీల్చురా, దుమ్మంతా లోపలికి పోతది" అన్నాడు నాయిన.

పీల్చగలిగితే పీల్చనా!

చెట్టు కింద సద్ది తింటుంటే ఇంటర్ బైపీసీ పాఠం గుర్తొచ్చింది. ముక్కులో ఒక్కో వైపు మూడేసి మడతలుంటాయి. వాటి పొర నిండా రక్తనాళాలు. గాలి ఆ సందుల్లో ఒరుసుకుంటూ పోయేసరికి వెచ్చబడి, తేమ పట్టుకుంటుంది. మిగిలిన కొంచెం పని గొంతు, శ్వాసనాళం చూసుకుంటాయి. ఊపిరితిత్తుల లోపలికి చేరేసరికి 37 డిగ్రీలు, నూటికి నూరు తేమ. మే నెలలో మన నల్లగొండ ఎండ 44 దాటినప్పుడు ఇదే ముక్కు గాలిని చల్లబరుస్తుంది కూడా. ఊపిరి వదిలేటప్పుడు అందులోని తేమను కొంత వెనక్కి లాక్కుంటుందట, మా నాయన అంత పొదుపరి!

మేమేమో తేమ తగ్గించడానికి ఐదు రోజులుగా చస్తున్నాం. ముక్కేమో క్షణక్షణం తేమ పోస్తోంది. దానికి మిషన్ పెడితే జన్మలో కాంటా కాదు.

ముతక నూగును ముక్కు వెంట్రుకలు ఆపుతాయి. సన్న దుమ్ము చీమిడికి అంటుకుంటుంది. కంటికి కనబడని నూగులాంటి కేశాలు ఆ చీమిడిని గొంతు వైపు నెడుతూ ఉంటే, మనం తెలియకుండానే మింగేస్తాం. కడుపులోని ఆమ్లం దాని సంగతి చూస్తుంది. సాయంత్రం నాయిన చీదితే రుమాలంతా నల్లగా వచ్చింది. నాకు అదీ రాలేదు, అంతా గొంతులోనే.

ఇంటికొచ్చి ఆవిరి పట్టుకున్నా. ఎడమ వైపు కాస్త తెరుచుకుంది. కుడివైపు ఇంకా లేదు. వడ్లు 17.2 దగ్గర ఆగాయి.